చదివితే తెలుగే... అర్థమైతే ఒట్టు!

‘‘పై విషయమై తమరు సమర్పించిన అర్జీని పరిశీలించడమైనది. సదరు అర్జీని తగు చర్య నిమిత్తం సంబంధిత అధికారి వారికి పంపడమైనది. ఇట్టి విషయం తమ సమాచారార్థం తెలియజేయడమైనది.’’

ఇలాంటి కాగితం ప్రతి ఊళ్లోనూ ఎవరో ఒకరి ఇంట్లో, ట్రంకుపెట్టె అడుగునో ప్లాస్టిక్ కవరులోనో భద్రంగా ఉంటుంది. పింఛను ఆగిపోయిన పెద్దావిడో, పాసు పుస్తకంలో సర్వే నంబరు తప్పు పడ్డ రైతో పెట్టుకున్న అర్జీకి వచ్చిన జవాబది. వచ్చిన రోజున ఇంట్లో చిన్న పండగ. డిగ్రీ చదువుతున్న మనవడిని పిలిచి చదివిస్తారు. వాడు గడగడా చదివేస్తాడు. ఒక్క అక్షరం దగ్గర కూడా తడబడడు. ‘‘ఇంతకీ మన పని అయినట్టా, కానట్టా?’’ అని తాత అడిగితే మాత్రం నోరు పెగలదు.

తప్పు మనవడి చదువుది కాదు. ఆ కాగితంలో జవాబే లేదు. పరిశీలించింది ఎవరు? చెప్పలేదు. పరిశీలిస్తే ఏం తేలింది? చెప్పలేదు. సంబంధిత అధికారి అంటే తహసీల్దారా, ఆర్డీవోనా? తెలీదు. తగు చర్య అంటే ఏ చర్య? ఎప్పటిలోగా? ఊహూ. మూడు వాక్యాలున్నాయి, ముద్ర ఉంది, సంతకం ఉంది. లేనిదల్లా విషయం ఒక్కటే.

ఇలాంటి భాషను చూసి నవ్వుకుని ఊరుకోవడం అందరికీ అలవాటైపోయింది. ఆఫీసు భాష అంతేలే అనుకుంటారు. కానీ అర్థం కాని ప్రతి మాటకూ ఒక ధర ఉంటుంది. దాన్ని రాసినవాళ్లు కట్టరు. చదివినవాళ్లే కడతారు. కాగితం తీసుకుని మళ్లీ మండలానికి వెళ్లడానికి బస్సు చార్జీ, ఆ రోజు పోయిన కూలి, ‘నేను కనుక్కుంటాలే’ అన్న మధ్యవర్తి చేతిలో పెట్టే నోటు... అన్నీ కలిపితే ఆ ధర ఎంతో తెలుస్తుంది.

కర్త లేని కార్యాలయం

ఇంట్లో ఎవరూ ఇలా మాట్లాడరు. ‘‘అన్నం వండడమైనది. సదరు అన్నాన్ని తగు రీతిన భుజించవలసిందిగా కోరడమైనది’’ అని ఏ తల్లయినా పిల్లలతో అంటుందా? ‘‘అన్నం అయింది, రండి’’ అంటుంది. మూడే మూడు మాటలు. ఏం జరిగిందో, ఏం చేయాలో రెండూ తెలిసిపోయాయి.

చిన్నప్పుడు బళ్లో కర్త, కర్మ, క్రియ అని నేర్పుతారు. ఆఫీసు మెట్లు ఎక్కగానే ముందుగా మాయమయ్యేది కర్త. ‘నేను చూశాను’ అని ఎవరూ రాయరు. ‘చూడడమైనది’ అని రాస్తారు. ‘తహసీల్దారు గారు ఒప్పుకోలేదు’ అనరు. ‘తిరస్కరించడమైనది’ అంటారు. చేసినవాడు కనబడకపోతే అడగడానికి మనిషి దొరకడు. ‘చేశాను’ అన్న మాటకు జవాబుదారీ ఉంటుంది. ‘చేయడమైనది’ అన్న మాటకు ఉండదు. వ్యాకరణంలో ఇది చిన్న మార్పే. గుమ్మం ముందు నిలబడ్డ మనిషికి మాత్రం చాలా పెద్దది.

కర్త తరవాత మాయమయ్యేది కాలం. ‘త్వరలో’, ‘సాధ్యమైనంత త్వరగా’, ‘పరిశీలనలో ఉంది’, ‘ప్రక్రియ కొనసాగుతోంది’... ఈ మాటల్లో దేనికీ క్యాలెండరులో తేదీ లేదు. పంచాంగంలో ముహూర్తమూ లేదు.

అదే జవాబును ఇలా రాస్తే ఏం పోయింది? ‘‘మీ పాసు పుస్తకంలో సర్వే నంబరు తప్పు పడిందని మీరిచ్చిన అర్జీ అందింది. మీ కాగితాలు చూశాం. 2004 నాటి దస్తావేజు నకలు ఒక్కటి తక్కువైంది. అది తెచ్చిస్తే ఆర్డీవో ఆఫీసుకు పంపుతాం. వచ్చే నెల పదో తేదీలోగా ఇవ్వండి. ఏదైనా అనుమానం ఉంటే ఈ నంబరుకు ఫోన్ చేయండి.’’ తాతకు ఇక మనవడితో పనే లేదు. చదివి వినిపిస్తే చాలు, తక్కినది ఆయనే చూసుకుంటాడు.

కరణం పోయాడు... మాట మిగిలింది

తెలుగు ఆఫీసుల భాష ఒక్కరోజులో ఇలా తయారు కాలేదు. నవాబులు వచ్చారు, కంపెనీ దొరలు వచ్చారు, మద్రాసు వాళ్లు ఏలారు. ఒక్కొక్కరూ వెళ్లిపోతూ తమ మాటలు వదిలి వెళ్లారు. అర్జీ, దస్తావేజు, జప్తు, వకాల్తా, జమాబందీ పారశీకం, అరబ్బీల మీదుగా వచ్చినవి. పోరంబోకు తమిళం వైపు నుంచి వచ్చింది. ఎవరికీ పట్టా లేని ప్రభుత్వ స్థలాన్ని చెప్పే మాట కాస్తా చివరికి పనీపాటా లేని కుర్రాళ్లను తిట్టడానికి పనికొస్తోంది. ఆంధ్రలో అడంగల్ అయినది తెలంగాణలో పహాణీ. అక్కడ మెట్ట, మాగాణి అంటే ఇక్కడ ఖుష్కి, తరి. రికార్డుల్లోకి ఎక్కని భూమి బిలా దాఖలా. ఏడాదిని కూడా రెవెన్యూ వాళ్లు తమ లెక్కలోనే చెబుతారు. ఫసలీ జులై 1న మొదలవుతుంది. ఆ జులై నాటి సంవత్సరంలోంచి 590 తీసేస్తే ఫసలీ వస్తుంది. 2025 జులైలో మొదలైంది ఫసలీ 1435. తెలిసినవాళ్లకు చిటికెలో పని. తెలియనివాళ్లకు తన పొలం కాగితం ఏ కాలం నాటిదో కూడా అంతుబట్టదు.

పరాయి భాషల నుంచి రావడం ఈ మాటల తప్పేమీ కాదు. హక్కు, రసీదు, రద్దు కూడా అలా వచ్చినవే. వాటి కోసం ఎవరూ నిఘంటువు తిరగేయరు. ఒకప్పుడు అడంగల్ అన్నా, పహాణీ అన్నా ఊళ్లో అందరికీ తెలుసు. ఎందుకంటే ఆ పుస్తకం ముందేసుకుని చదివి చెప్పే మనిషి ఊళ్లోనే ఉండేవాడు. కరణం గారు మంచివాడో చెడ్డవాడో, అరుగు మీద కూర్చుని ‘నీ రెండెకరాల్లో ముప్పై సెంట్లు వాగులో పోయిందిరా’ అని మామూలు మాటల్లో చెప్పగలిగేవాడు. ఆ విద్యను అడ్డం పెట్టుకుని ఊరిని ఆడించిన కరణాలూ ఉన్నారు. అందుకే 1984లో ఆంధ్రప్రదేశ్‌లో మునసబు, కరణాల వ్యవస్థను రద్దు చేసినప్పుడు ఎంతోమంది హర్షించారు.

చిక్కేమిటంటే, మనిషి పోయాడు కానీ మాటలు పోలేదు. తరవాత వచ్చిన ఉద్యోగులు మారారు, రిజిస్టర్లు మారాయి, కంప్యూటర్లు వచ్చాయి. పాత మాటల పక్కన కొత్తవి వచ్చి చేరాయి. తెలంగాణలో 2020 సెప్టెంబరులో వీఆర్వోల వ్యవస్థను రద్దు చేశారు. ఆ ఏడాది అక్టోబరు 29న ధరణి పోర్టల్ వచ్చింది. దాంతో రైతుల నోట కొత్త మాట వినబడింది: ‘టీఎం-33 పెట్టాను సార్’. పాసు పుస్తకంలో తప్పులు దిద్దమని కోరే దరఖాస్తుకు కంప్యూటర్లో పెట్టిన గుర్తు అది. తప్పు ఏమిటో రైతుకు తెలుసు. ఎలా ఉండాలో తెలుసు. అది ఏ మాడ్యూల్ కిందకు వస్తుందో మాత్రం తెలియాలంటే మీసేవ కేంద్రంలో కుర్రాడిని అడగాలి. అతను పొరపాటున ఇంకో మాడ్యూల్ నొక్కితే దరఖాస్తు తిరిగొస్తుంది. మళ్లీ ఫీజు, మళ్లీ పడిగాపులు.

2017లో తెలంగాణలో భూరికార్డులు సరిచేసినప్పుడు పేచీ ఉన్న భూములను పార్ట్-బి అనే పద్దులో వేశారు. ‘‘మీది పార్ట్-బిలో ఉంది’’ అన్న మాట విన్న రైతుకు అందులో ప్రమాదం కనిపించలేదు. బి అంటే ఎ తరవాత వచ్చే అక్షరమే కదా! కానీ ఆ అక్షరం ఉంటే పాసు పుస్తకం రాలేదు. పాసు పుస్తకం లేకపోతే 2018లో మొదలైన రైతుబంధు సాయం అందలేదు. రైతు మరణిస్తే కుటుంబానికి 5 లక్షల రూపాయలు ఇచ్చే రైతుబీమా కూడా వర్తించలేదు. ‘మీ భూమి మీద తగాదా ఉందని రాశాం, ఇది తేలేదాకా మీకు పాసు పుస్తకం రాదు’ అని మొదటి రోజే నోటితో చెప్పి ఉంటే, ఎందరో ఆనాడే కాగితాలు పట్టుకుని బయల్దేరేవాళ్లు. 2025 ఏప్రిల్‌లో ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. గ్రామస్థాయిలో మళ్లీ అధికారులను పెట్టారు. పేరు మారినంత తేలిగ్గా భాష మారుతుందా అన్నదే చూడాలి.

చుక్కల ఖరీదు

మాట కూడా కాదు, ఉత్త చుక్కలు వేల కుటుంబాలను ఎలా తిప్పాయో తెలియాలంటే ఆంధ్రప్రదేశ్‌లోని చుక్కల భూముల కథ చూడాలి.

బ్రిటిష్ వాళ్ల కాలంలో భూములను మళ్లీ కొలిచి, శిస్తు తిరిగి కట్టినప్పుడు రీసెటిల్‌మెంట్ రిజిస్టర్ తయారుచేశారు. సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు పేరు... ఇలా గళ్లు గీసి రాసుకుంటూ పోయారు. కొన్ని నంబర్ల దగ్గర పట్టాదారు ఎవరో తేలలేదు. అక్కడ ‘తెలియదు’ అని రాయలేదు. ‘ప్రభుత్వానిది’ అనీ రాయలేదు. వరసగా చుక్కలు పెట్టి ఊరుకున్నారు. రాసిన గుమాస్తాకు అప్పటికి పని అయిపోయింది.

ఊళ్లో మాత్రం జీవితం సాగింది. ఆ భూములను దున్నారు, అమ్మారు, కొన్నారు, కూతుళ్లకు పసుపు కుంకుమ కింద రాసిచ్చారు. కొన్నింటికి రిజిస్ట్రేషన్లూ జరిగాయి, బ్యాంకులు అప్పులూ ఇచ్చాయి. దాదాపు వందేళ్ల తరవాత, ప్రభుత్వ భూములు చేతులు మారకుండా చూడాలని పాత రిజిస్టర్లు తిరగేసేసరికి ఈ చుక్కలు కంటబడ్డాయి. పేరు లేదు కాబట్టి ప్రభుత్వానిదే కావచ్చు అనుకుని వాటిని రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఎ కింద నిషేధ జాబితాలో పెట్టారు.

అప్పుడు చూడాలి తిప్పలు! అమ్మాయి పెళ్లికి అరెకరం అమ్ముదామని సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లిన రైతుకు ‘‘ఇది 22-ఎలో ఉంది, కుదరదు’’ అన్న జవాబు. 22-ఎ అంటే ఏమిటని అడిగితే ‘‘డాటెడ్ ల్యాండు’’ అన్న జవాబు. అదేమిటయ్యా అంటే ‘‘ఆర్.ఎస్.ఆర్.లో చుక్కలున్నాయి’’ అన్న జవాబు. ఒక అర్థం కాని మాటను ఇంకో అర్థం కాని మాటతో, దాన్ని మరొకదానితో చెబుతూ పోయారు. ‘వందేళ్ల కిందట మావాళ్లు పేరు రాయకుండా వదిలేశారు, ఆ ఖాళీకి ఇప్పుడు మీరు రుజువులు తేవాలి’ అని సూటిగా ఒప్పుకున్నవాళ్లు ఎంతమంది?

చివరికి ఆ చుక్కల కోసం ఒక చట్టమే చేయాల్సి వచ్చింది. 2017లో చుక్కల భూముల చట్టం వచ్చింది. జిల్లాల్లో కమిటీలు కూర్చున్నాయి. దాంతోనూ పూర్తిగా తెగలేదు. 2023లో ప్రభుత్వం 2 లక్షల ఎకరాలకు పైగా భూమిని ఆ నిషేధం నుంచి ఒక్కసారిగా తొలగించింది. ఒక గుమాస్తా ఒక గడిలో నాలుగు అక్షరాలు రాయడానికి బదులు నాలుగు చుక్కలు పెడితే, దాన్ని చెరపడానికి శాసనసభ కూర్చోవాల్సి వచ్చింది. ఇక మధ్యలో ఆగిన పెళ్లిళ్లకు, పుట్టని అప్పులకు లెక్క ఏ రిజిస్టర్లోనూ ఉండదు.

తెలుగు చేస్తే తీరిందా?

దీనికంతటికీ మందు తెలుగులో పాలనే అని పెద్దలు ఎప్పుడో చెప్పారు. 1966లో తెలుగును అధికార భాషగా చేస్తూ ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వచ్చింది. 1974లో అధికార భాషా సంఘం ఏర్పడింది. వావిలాల గోపాలకృష్ణయ్య దానికి తొలి అధ్యక్షుడు. సామాన్యుడి భాషలో సామాన్యుడికి పాలన అందాలన్నది ఆ ప్రయత్నాల వెనక ఉన్న ఆశ.

జరిగింది మాత్రం చాలాచోట్ల వేరు. అర్థం కాని ఇంగ్లిషు పోయి, దాని స్థానంలో అర్థం కాని తెలుగు వచ్చింది. నో అబ్జెక్షన్ సర్టిఫికెట్ కాస్తా ‘నిరభ్యంతర ధ్రువపత్రం’ అయింది. అసలే పలకడం కష్టమైనదాన్ని తెలుగు చేసేసరికి ఊపిరి కూడా చాలకుండా పోయింది. ‘మాకేం అభ్యంతరం లేదు’ అని రాస్తే సరిపోయేది. ఇక దస్తావేజుల సంగతి చెప్పనే అక్కర్లేదు. ‘పుత్ర పౌత్ర పారంపర్యంగా దాన వినిమయ విక్రయాది సర్వ హక్కులతో’ అంటూ మొదలైన వాక్యానికి రెండో పేజీ దాటితే కానీ చుక్క కనిపించదు. ఆ వాక్యంలో ఎక్కడో ఒక మూల దారి హక్కు పోయిందని, పదేళ్ల తరవాత గోడ కట్టినప్పుడు కానీ కొన్నవాడికి తెలియదు.

గిడుగు రామమూర్తి పంతులు పుస్తకాల్లోకి వాడుక భాష రావాలని జీవితమంతా పోరాడారు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని ఏటా తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నారు. పత్రికల్లోకి, పాఠాల్లోకి ఆ భాష వచ్చేసింది. ఆఫీసు గుమ్మం దగ్గరే ఇంకా ఆగిపోయి ఉంది. ఆ రోజున దండలు వేసి వచ్చి, మర్నాడు ‘తెలియజేయడమైనది’ అని సంతకం పెట్టడం ఎవరికీ వింతగా తోచదు.

జనం మాత్రం తమ పని తాము చేసుకుపోతూనే ఉన్నారు. తెలంగాణలో కార్డు మీద ‘ఆహార భద్రత’ అని రాసినా నోటితో రేషన్ కార్డు అనే అన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ‘బియ్యం కార్డు’ అని పేరు పెట్టినప్పుడు ఎవరూ అర్థం అడగలేదు. కరెంటు, రోడ్డు, టికెట్ ఇంగ్లిషే అయినా తెలుగువాళ్ల సొంతం. తేలేదేమిటంటే, ఏ భాష నుంచి వచ్చిందన్నది ముఖ్యం కాదు. విన్నవాడికి బోధపడిందా లేదా అన్నదే ముఖ్యం.

చల్లని గదుల్లోనూ ఇదే తంతు

ఇదంతా సర్కారు ఆఫీసుల జబ్బే అనుకుంటే పొరపాటు. అద్దాల మేడల్లోని కంపెనీలదీ ఇదే దారి. కాకపోతే అక్కడ ఫసలీల బదులు ‘సినర్జీ’లు, జమాబందీల బదులు ‘అలైన్‌మెంటు’లు ఉంటాయి. పని ఎక్కువైందంటే ‘బ్యాండ్‌విడ్త్ లేదు’. తరవాత చూద్దామంటే ‘సర్కిల్ బ్యాక్ అవుదాం’. గంటసేపు మీటింగ్ అయ్యాక ఎవరు ఏం చేయాలో తెలియక, దాన్ని తేల్చుకోవడానికి ఇంకో మీటింగ్ పెట్టుకుంటారు.

అక్కడి వరకూ సరదాగానే ఉంటుంది. ఉద్యోగం పోయినప్పుడు తెలుస్తుంది అసలు రంగు. 2022 చివర్లో, 2023లో ఐటీ కంపెనీలు వేలకు వేల మందిని తీసేసినప్పుడు వచ్చిన మెయిళ్లలో ‘తీసేశాం’ అన్న మాట వెతికినా కనబడలేదు. ‘రైట్ సైజింగ్’ అన్నారు. ‘రీస్ట్రక్చరింగ్’ అన్నారు. ‘మీ పాత్రపై ప్రభావం పడింది’ అన్నారు. అమెరికాలో హెచ్-1బి మీద ఉన్న తెలుగు కుర్రాడికి ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికో, సామాను సర్దుకోవడానికో సాధారణంగా ఉండే గడువు 60 రోజులు. ‘ఫలానా తేదీ మీ ఆఖరి పనిదినం, ఇంత జీతం ఇస్తాం, బీమా ఫలానా రోజుదాకా ఉంటుంది’ అన్న నాలుగు ముక్కలే అతనికి కావాలి. అవి పేజీన్నర తీయని మాటల తరవాత ఎక్కడో అడుగున ఉంటాయి. ఇక్కడ గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న అమ్మానాన్నలకు ఫోన్లో ఏం చెప్పాలి? ‘‘రైట్ సైజింగ్ అయిందమ్మా’’ అంటే, ప్రమోషన్ వచ్చిందేమో అనుకునే ప్రమాదం ఉంది!

బ్యాంకుకు వెళ్లిన అవ్వకు ‘‘ఖాతా ఇన్‌ఆపరేటివ్ అయింది’’ అంటారు. ఆవిడ గుండె గుభేలుమంటుంది, డబ్బు పోయిందేమోనని. రెండేళ్లకు మించి డబ్బు వేయడం, తీయడం లేకపోతే ఆ పేరు పెడతారంతే. డబ్బు ఎక్కడికీ పోదు. గుర్తింపు కాగితాలిచ్చి కేవైసీ చేయించుకుంటే మళ్లీ నడుస్తుంది. దానికి చార్జీ తీసుకోకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన కూడా ఉంది. ఈ మూడు ముక్కలూ చెప్పడానికి అర నిమిషం పట్టదు.

ఆసుపత్రి చీటీ మీద బి.డి. అంటే రోజుకు రెండుసార్లు, టి.డి.ఎస్. అంటే మూడుసార్లు. రెండూ లాటిన్ మాటల పొట్టి రూపాలు. మందుల షాపులో కుర్రాడు కవరు మీద గీతలు గీసి ఇవ్వకపోతే ఎందరు సరిగ్గా వేసుకోగలరు? ‘లామా’ అనే మాట ఇంకా బరువైనది. డబ్బు చాలకనో, ఆశ వదులుకునో రోగిని తీసుకెళ్లిపోయే కుటుంబంతో సంతకం పెట్టిస్తారు. వైద్యుల సలహాకు విరుద్ధంగా, సొంత బాధ్యత మీద తీసుకెళుతున్నామని దాని అర్థం. ఆ క్షణంలో ఏడుస్తున్న మనిషి చేత పెట్టించే సంతకానికి అర్థం చెప్పకపోవడం కన్నా అన్యాయం ఉంటుందా?

రాసేవాళ్ల బాధా ఉంది

ఇంత చెప్పాక, రాసేవాళ్ల వైపు నుంచీ ఒక్క మాట. సీట్లో కూర్చున్న జూనియర్ అసిస్టెంటు కావాలని ఎవరినీ తికమకపెట్టడు. చేరిన మొదటి రోజునే అతనికి పాత ఫైలు ఇచ్చి ‘ఇందులో ఎలా ఉందో అలా రాయి’ అంటారు. ఆ పాత ఫైలు రాసినవాడూ ఇంకో పాత ఫైలు చూసే రాశాడు. సూటిగా రాస్తే భయం. ‘మీకు రాదు’ అని రాస్తే ఎందుకు రాదని నిలదీస్తారు. ‘పదో తేదీలోగా ఇస్తాం’ అని రాస్తే పదకొండో తేదీన వచ్చి నిలబడతారు. ఆడిట్ ఉంది, కోర్టు ఉంది, పైఅధికారి ఉన్నాడు. ‘తగు చర్య నిమిత్తం’ అంటే ఎవరూ ఏమీ అనలేరు. ఆ మాట అతనికి వానలో గొడుగు లాంటిది. కానీ ఆ గొడుగు మీంచి జారిన నీళ్లన్నీ కింద నిలబడ్డ అర్జీదారు నెత్తినే పడుతున్నాయి.

మార్చుకోవడం అసాధ్యమేమీ కాదు. బ్రిటన్‌లో ఎర్నెస్ట్ గోవర్స్ అనే అధికారి, ఉద్యోగులు తేలిక మాటల్లో ఎలా రాయాలో చెబుతూ అక్కడి ఆర్థిక శాఖ కోరిక మీద 1948లోనే చిన్న పుస్తకం రాశారు. అమెరికాలో 2010లో ప్రజలకు అర్థమయ్యేలా రాయాలని ప్రభుత్వ సంస్థలకు చట్టమే చేశారు. ఇక్కడా కదలిక లేకపోలేదు. ఒక హైకోర్టు ఇచ్చిన తీర్పు ఏం చెబుతోందో అర్థం కాలేదంటూ 2017లో సుప్రీంకోర్టు దాన్ని మళ్లీ రాయమని వెనక్కి పంపింది. తీర్పు ఎలా ఉండాలో 2022లో ఇంకో కేసులో వివరంగా చెప్పింది. పేరాలకు నంబర్లు వేయాలని, కేసు వేసిన మనిషికి కూడా బోధపడేలా ఉండాలని దాని సారాంశం. ఢిల్లీలో ఎఫ్ఐఆర్‌లు ఫిర్యాదు చేసినవాళ్ల సొంత మాటల్లో ఉండాలని 2019లో అక్కడి హైకోర్టు అనడంతో, పోలీసులు వాడకూడని 383 ఉర్దూ, పారశీక మాటల జాబితా తీశారు. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ఒక కుటుంబ ఆస్తి తగాదాలో తెలుగులో తీర్పు ఇచ్చింది. ఎవరి ఆస్తి గురించి తీర్పో వాళ్లే దాన్ని చదువుకోగలిగారు.

అడగడం మొదలుపెడితే...

చట్టాలు, తీర్పులు ఎప్పుడో వస్తాయి. ఈలోగా చేతిలోకి అర్థం కాని కాగితం వస్తే ఏం చేయాలి? మొదటిది, తల ఊపేసి తీసుకోకూడదు. తెలియదని చెప్పడం నామోషీ కాదు. చెప్పలేకపోవడమే ఇచ్చినవాళ్లకు నామోషీ. కిటికీ దగ్గరే నిలబడి మూడు ప్రశ్నలు అడగాలి: ఇప్పుడు ఇది ఎవరి దగ్గర ఉంది? వాళ్లు ఏం చేయాలి? ఎప్పటిలోగా చేయాలి? వచ్చిన జవాబును ఆ కాగితం వెనకే పెన్నుతో రాసుకుని, చెప్పినవారి హోదా, తేదీ వేసుకోవాలి. మరోసారి వెళ్లినప్పుడు ఆ నాలుగు ముక్కలకు ఉండే విలువ వేరు.

నోటితో చెప్పకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. దరఖాస్తు తెలుగులో పెట్టొచ్చు. రాయడం రానివాళ్లు నోటితో చెబితే రాసుకోవడానికి సాయం చేయాల్సిన బాధ్యత అధికారిదే. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఫీజు లేదు. మామూలుగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఒక నిర్ణయం వల్ల నష్టపోయినవాళ్లకు ఆ నిర్ణయం ఎందుకు తీసుకున్నారో కారణాలు చెప్పాలని కూడా ఆ చట్టం నాలుగో సెక్షన్లో ఉంది. ‘నా అర్జీ మీద తీసుకున్న తగు చర్య ఏమిటి, తీసుకున్నది ఎవరు, ఏ తేదీన?’ అని ఒక్క వాక్యం రాసి ఇస్తే, ఎక్కడికో పారిపోయిన కర్త వెనక్కి రావాల్సిందే.

సీట్లో ఉన్నవాళ్లు చేయగలిగింది ఇంకా తేలిక. సంతకం పెట్టే ముందు ఆ కాగితం తన సొంత ఊళ్లో అమ్మకు వస్తే ఆవిడకు ఏం తెలుస్తుందో ఒక్కసారి అనుకుని చదువుకుంటే చాలు. ఎవరు, ఏం చేస్తారు, ఎప్పటిలోగా... ఈ మూడూ లేని కాగితం మీద ఎన్ని ముద్రలు ఉన్నా అది ఉత్త కాగితమే. జవాబు మాత్రం కాదు.